ఫీబేను చేర్చుకోండి

రేడియో ప్రసంగం
వాక్యభాగం: రోమా 16:1–7

  

పోయిన నెల మాకు అందిన ఉత్తరాల్లో ఒకటి ముడిమ్యాల దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చింది. రాసిన సోదరి పేరు గానీ, ఊరు పేరు గానీ చెప్పను. తెల్లవారుజామునే కూరగాయలు కోసి చేవెళ్ల మార్కెట్టుకు పంపి, ఆ తరువాత ఇల్లు చక్కబెట్టుకునే మనిషి. పదో తరగతి వరకు చదువుకుంది. 2020లో కరోనా వచ్చి మందిరాల తలుపులు మూతపడినప్పుడు, ఈ సోదరి ఫోన్‌లో పదిమంది ఆడవాళ్లను కలుపుకుని ప్రార్థన మొదలుపెట్టింది. తలుపులు తెరిచాక అదే శుక్రవారం ప్రార్థనగా నిలిచింది. కొత్తగా ప్రభువును నమ్ముకున్న రెండు కుటుంబాల స్త్రీలకు అక్షరాలు దిద్దించి, బైబిలు చదివించింది. ఈమధ్య సంఘ పెద్దలు కూర్చుని ఒక మాట తీర్మానించారు. ఆడవాళ్లు పాట పాడవచ్చు, ప్రార్థన చేయవచ్చు గానీ, వాక్యం విప్పి చెప్పకూడదని. 1 తిమోతి 2:12 చూపించారు. ఆ సోదరి రాసిన మాటలు ఆమె భాషలోనే చదువుతాను.

"అయ్యగారూ, అందరు భయపడి ఇండ్లల్ల ఉన్నప్పుడు నేను వాక్యం చెప్తే ఎవ్వరు వద్దనలే. అప్పుడు తప్పు గానిది ఇప్పుడు ఎట్ల తప్పయితది? నేను జేసింది పాపమా?"

ప్రియులారా, ఇది ఒక్క సోదరి ప్రశ్న కాదు. మన పల్లె సంఘాల్లో ఆదివారం ఉదయం ఎంతమంది పురుషులు, ఎంతమంది స్త్రీలు కూర్చుంటారో మీకు తెలుసు. చీపురు పట్టేది ఎవరు? శుక్రవారం ఉపవాసముండి మోకరించేది ఎవరు? సండే స్కూలు పిల్లలకు పాట నేర్పేది ఎవరు? పాస్టరు నెలకు రెండు ఆదివారాలే రాగలిగిన ఊళ్లో రోగి దగ్గర కూర్చుని ప్రార్థించేది ఎవరు? పనంతా వారి చేత చేయించుకుంటున్నాం. అయితే నిర్ణయం చేసే చోట, వాక్యం చెప్పే చోట వారు కూర్చోవచ్చా అని అడిగితే మాత్రం మనకు లేఖనాలు గుర్తుకు వస్తాయి. మంచిదే. లేఖనాలనే అడుగుదాం. అయితే ఒక్క వచనాన్ని కాదు, వాక్యమంతటినీ అడుగుదాం.

మొదట, ఫీబే ఎవరు?

రోమా పత్రిక పదహారవ అధ్యాయం చాలామంది చదవకుండా దాటవేస్తారు. పేర్ల పట్టిక అనుకుంటారు. కానీ పౌలు ఆ పేర్లు ఊరికే రాయలేదు. మొట్టమొదటి పేరు ఒక స్త్రీది. కెంక్రేయ సంఘానికి చెందిన ఫీబే. కెంక్రేయ అంటే కొరింథు పట్టణానికి ఆనుకుని ఉన్న రేవు. రోమా పత్రికను కొరింథు ప్రాంతం నుంచి రోమాకు మోసుకుపోయింది ఈమే అని చాలామంది వేదపండితుల అభిప్రాయం. ఒక్కసారి ఆలోచించండి. విశ్వాసం వలననే నీతిమంతులమని మనకు నేర్పిన ఆ గొప్ప పత్రిక ఒక స్త్రీ చేతి సంచిలో సముద్రం దాటింది!

పౌలు ఆమెను ఏమని పిలిచాడు? మన తెలుగు బైబిలులో పరిచారకురాలు అని ఉంది. పరిచారకురాలు అనగానే మనకు ఇంటి పని చేసే మనిషో, ఆస్పత్రిలో నర్సమ్మో గుర్తుకు వస్తారు. అందుకే ఆ మాట దగ్గర మనం ఆగం. గ్రీకులో పౌలు వాడిన మాట డియకొనొస్. డీకన్ అనే మాట అందులో నుంచే వచ్చింది. 1 కొరింథీ 3:5లో పౌలు తన్ను గూర్చి, అపొల్లోను గూర్చి చెప్పుకున్నది ఇదే మాట. ఫిలిప్పీ 1:1లో అధ్యక్షులతో కలిపి వందనం చెప్పిన పరిచారకులు, 1 తిమోతి 3వ అధ్యాయంలో అర్హతలు వివరించిన పరిచారకులు, అన్నిచోట్లా ఇదే మాట. పురుషునికి వాడినప్పుడు సంఘ అధికారి అని, స్త్రీకి వాడినప్పుడు పనిమనిషి అని అర్థం చెప్పుకోవడం వాక్యం నేర్పినది కాదు, మన అలవాటు నేర్పినది.

రెండవ వచనం చూడండి. ఆమె అనేకులకు, తనకు కూడా సహాయురాలని పౌలు సాక్ష్యమిస్తున్నాడు. అక్కడున్న గ్రీకు మాటకు పోషకురాలు, అండగా నిలిచే పెద్దదిక్కు అనే అర్థం ఉంది. అపొస్తలుడు తనకు అండగా నిలిచిన స్త్రీ పేరు చెప్పడానికి సిగ్గుపడలేదు.

అదే అధ్యాయంలో ముందుకు వెళ్లండి. ప్రిస్కిల్ల, అకుల కనిపిస్తారు. ఇక్కడ భార్య పేరే ముందు రాశాడు. ఏడవ వచనంలో అంద్రొనీకు, యూనీయ. వీరు అపొస్తలులలో పేరుపొందినవారని రాశాడు. తెలుగులో చదివితే యూనీయ స్త్రీ అని తెలియదు. కానీ నాలుగవ శతాబ్దంలో గొప్ప ప్రసంగికుడైన జాన్ క్రిసోస్తమ్, ఈమె స్త్రీ అని, అపొస్తలురాలనిపించుకోదగినంత గొప్పదని మెచ్చుకున్నాడు. ఆయన గ్రీకు మాతృభాషగా మాట్లాడినవాడు. ఆ భాషలో స్త్రీ పేరేదో ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండవది, దేవుడు ఎవరిని వాడుకున్నాడు?

న్యాయాధిపతులు 4వ అధ్యాయంలో దెబోరా ప్రవక్త్రి. చెట్టు కింద కూర్చుంటే ఇశ్రాయేలీయులు తీర్పు కోసం ఆమె దగ్గరకు వచ్చేవారు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు చూసినవారికి చెట్టు కింద కూర్చునే పెద్దరికం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ పెద్దరికం దేవుడు ఒక ఇల్లాలికి ఇచ్చాడు. మగవాళ్లు ఎవరూ దొరకలేదు కాబట్టి ఆమెను వాడుకున్నాడని కొందరు అంటారు. అయితే 2 రాజులు 22వ అధ్యాయం చదవండి. యోషీయా రాజు కాలంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. ఆ గ్రంథంలోని మాటల గూర్చి యెహోవా దగ్గర విచారణ చేయమని రాజు మనుషులను పంపాడు. యాజకుడైన హిల్కీయా, శాస్త్రియైన షాఫాను ఎవరి దగ్గరకు వెళ్లారు? హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు. అప్పటికి యిర్మీయా ప్రవచిస్తున్నాడు. మగ ప్రవక్త లేక కాదు, దేవుని మాట ఆమె దగ్గర ఉంది గనుక వెళ్లారు.

క్రొత్త నిబంధనకు రండి. బేతనియలో మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంది. ఆ రోజుల్లో గురువు పాదాల దగ్గర కూర్చోవడం శిష్యుని స్థానం. ఆమెను వంటింట్లోకి పంపమని అడిగితే, ఆమె ఎంచుకున్నది ఆమె దగ్గరనుండి తీసివేయబడదని ప్రభువు చెప్పాడు. పునరుత్థానదినాన పేతురు, యోహాను ఖాళీ సమాధి చూసి తిరిగి వెళ్లిపోయారు. ఏడుస్తూ నిలబడ్డ మగ్దలేనే మరియకు ప్రభువు కనిపించి, వెళ్లి నా సహోదరులకు చెప్పమని పంపాడు. లోకానికంతటికీ ప్రకటించవలసిన శుభవార్తను మొదట మోసింది స్త్రీ నోరు. దానిని నమ్మడానికి ఆలస్యం చేసింది పురుషులు.

పెంతెకొస్తు దినాన పేతురు యోవేలు ప్రవచనం ఎత్తి చెప్పాడు. కుమారులూ కుమార్తెలూ ప్రవచిస్తారని, దాసుల మీదా దాసురాండ్ర మీదా ఆత్మ కుమ్మరింపబడుతుందని. సంఘం పుట్టిన రోజు మొదటి ప్రసంగంలోనే ఆడపిల్లల పేరు చెప్పి దేవుడు తలుపు తీశాడు. అపొస్తలుల కార్యములు 18:26లో ప్రిస్కిల్ల, అకుల కలిసి అపొల్లో అనే గొప్ప వక్తకు దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు. 21:9లో ఫిలిప్పు కుమార్తెలు నలుగురు ప్రవచించేవారు. ఈ సాక్ష్యాలన్నీ పక్కకు నెట్టి ఒక్క వచనం మీద నిలబడడం న్యాయమా?

మూడవది, కష్టమైన ఆ రెండు వాక్యభాగాలు.

వీటిని దాటవేస్తే నేను నమ్మకమైన బోధకుణ్ణి కాను. మొదటిది 1 కొరింథీ 14:34, 35. సంఘాలలో స్త్రీలు మౌనంగా ఉండాలి అని ఉంది. అయితే ఇదే పత్రిక 11:5లో స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు వేసుకోవాలని పౌలు చెప్పాడు. నోరే విప్పకూడదంటే ముసుగు ఎందుకు? కాబట్టి అన్ని వేళలా నోరు మూసుకోమనడం ఆయన ఉద్దేశం కాదు. 14వ అధ్యాయం మొత్తం చదివితే మౌనంగా ఉండమన్నది ముగ్గురినని తెలుస్తుంది. అర్థం చెప్పేవాడు లేకుండా భాషలతో మాట్లాడేవాడు మౌనంగా ఉండాలి. మరొకనికి బయలుపరచబడితే మొదటి ప్రవక్త మౌనంగా ఉండాలి. మూడవది స్త్రీలు. ఏదైనా తెలుసుకోగోరితే ఇంటి దగ్గర అడగమంటున్నాడు. అంటే ఆరాధన మధ్యలో ప్రశ్నలతో అలజడి రేగుతోందన్నమాట. అది క్రమం కోసం ఇచ్చిన ఆజ్ఞ. మొదటి ఇద్దరి మౌనం ఆ గడియకే అని ఒప్పుకుని, మూడవవారి మౌనం జీవితాంతం అనడం సరియైన కొలత కాదు.

రెండవది 1 తిమోతి 2:11, 12. తిమోతి ఎఫెసులో ఉన్నాడు. అది అర్తెమిదేవి గుడి ఉన్న పట్టణం. అక్కడ అబద్ధ బోధ చెలరేగింది. పెండ్లి చేసుకోవద్దని చెప్పే బోధ అది. ఇంటింటికి తిరుగుతూ ఆడరాని మాటలాడే స్త్రీల గురించి 5:13లో ఉంది. మోసపోయిన స్త్రీల గురించి 2 తిమోతి 3:6లో ఉంది. ఆ పరిస్థితిలో పౌలు ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఏమిటి? స్త్రీ నేర్చుకోవాలి! నేర్చుకోకుండానే బోధించడానికి లేచినవారిని ముందు కూర్చుని నేర్చుకోమన్నాడు. అధికారం చేయుట అని మనం చదివే చోట ఉన్న గ్రీకు మాట క్రొత్త నిబంధన అంతటిలో అక్కడ ఒక్కచోటే ఉంది. పౌలు మామూలుగా అధికారానికి వాడే మాట అది కాదు. పెత్తనం చెలాయించడం, ఒకరి మీద ఎక్కి కూర్చోవడం అనే అర్థం దానికి ఉందని అనేకులు చెబుతారు. అలాంటి పెత్తనం పురుషునికి మాత్రం తగునా? ఇంకొక సంగతి. ఈ పత్రికలో అబద్ధ బోధకులని పేరు పెట్టి పౌలు తోసివేసిన ఇద్దరూ హుమెనై, అలెక్సంద్రు. ఇద్దరూ పురుషులే. వారిని చూపించి పురుషులెవరూ బోధించకూడదని మనం ఎన్నడైనా తీర్మానించామా?

అయ్యగారూ, పౌలు ఆదాము హవ్వల మాట కూడా చెప్పాడు గదా, అది సృష్టిక్రమం గదా అని ఒక సోదరుడు అడగవచ్చు. మంచి ప్రశ్న. 1 కొరింథీ 11లో కూడా పౌలు సృష్టిక్రమం చెప్పాడు. చెప్పి, ప్రభువునందు స్త్రీ లేకుండా పురుషుడు లేడని, పురుషుడు లేకుండా స్త్రీ లేదని, సమస్తం దేవుని వలన కలిగిందని ముగించాడు. ఆ అధ్యాయంలోనే స్త్రీలు ప్రవచిస్తున్నారు. సృష్టిక్రమం అక్కడ వారి నోరు మూయలేదు.

పన్నెండుమంది అపొస్తలులు పురుషులే గదా అని మరొకరు అంటారు. నిజమే. వారందరూ యూదులు కూడా. అందుచేత తెలుగువాడు పాస్టరు కాకూడదని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

ఈ విషయంలో నాతో ఏకీభవించని భక్తులు ఉన్నారు. వారు వాక్యాన్ని ప్రేమించేవారే. కుటుంబంలో శిరస్సు పురుషుడని, సంఘంలో కూడా అట్లే ఉండాలని మనస్సాక్షితో నమ్ముతారు. వారిని నేను తృణీకరించను. కానీ వారిని ఒకటి వేడుకుంటాను. స్త్రీ చేయకూడదని మీరు నమ్మేదేదో స్పష్టంగా చెప్పండి. చేయవచ్చునని వాక్యం చెప్పిన దానిని మాత్రం దానితోపాటు లాగేసుకోకండి. తీతు 2:3, 4లో పెద్ద స్త్రీలు మంచి ఉపదేశం చేస్తూ యౌవన స్త్రీలకు నేర్పాలని పౌలే ఆజ్ఞాపించాడు. పది మంది ఆడవాళ్లకు బైబిలు చెప్పే సోదరిని ఆపడానికి ఏ వైపు నుంచి చూసినా లేఖనంలో చోటు లేదు.

కాబట్టి ఉత్తరం రాసిన అమ్మా, విను. నువ్వు చేసింది పాపం కాదు. ప్రభువు నీ చేతికిచ్చిన తలాంతును భూమిలో దాచకుండా వ్యాపారం చేశావు. పెద్దల మీద కోపం పెంచుకోకు. సంఘాన్ని చీల్చకు. అయితే వారి దగ్గరకు వెళ్లి, ఈ వాక్యభాగాలు కలిసి చదువుదాం రండి అని వినయంగా అడుగు. నేర్చుకోవడం మానకు. ప్రిస్కిల్ల అపొల్లోకు చెప్పగలిగిందంటే ముందు తాను బాగా నేర్చుకున్నది గనుకనే.

నాలుగవది, మన తెలుగు సంఘాల సాక్ష్యం.

ఇది నిన్న మొన్న పట్టణాల నుంచి వచ్చిన కొత్త ఆలోచన అనుకోకండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదకు ఐదుగురు ఎక్కి తెలుగు ప్రజల రక్షణ కోసం ప్రార్థించారు. జ్యూయెట్ మిషనరీ, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే సోదరుడు, జూలియా, రూతు. లెక్కపెట్టండి. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఇరవై నాలుగేళ్ల తరువాత 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారిని చరిత్ర గుర్తుపెట్టుకుంది. కొండ మీద మోకరించిన ఆ స్త్రీలను కూడా గుర్తుపెట్టుకోవడం మన ధర్మం.

మిషనరీల కాలంలో బైబిలు స్త్రీలు అనేవారు ఉండేవారు. గోషా ఉన్న ఇండ్లలోకి పురుష బోధకులు అడుగుపెట్టలేరు. అక్కడికి వాక్యం పట్టుకుపోయింది ఈ స్త్రీలే. అందుకున్న జీతం కొద్ది, నడిచిన దూరం ఎక్కువ. మన నాయనమ్మలకు యేసయ్య పేరు ఎవరు చెప్పారని అడిగితే చాలా కుటుంబాల్లో ఒక బైబిలు స్త్రీ కథ బయటికి వస్తుంది.

తరువాత సంఘాలు ఒక్కొక్కటిగా ఈ పనికి పేరు పెట్టి గుర్తించాయి. మెథడిస్టు సంఘం 1956లో స్త్రీ బోధకులకు పూర్తి హక్కులిచ్చింది. దక్షిణ ఇండియా సంఘంలో 1976లో మొదటిసారి ఒక స్త్రీ గురువుగా అభిషేకం పొందింది. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1999లో స్త్రీలకు అభిషేకమిచ్చింది. దాని వెనుక రాజమండ్రి లూథర్‌గిరిలో స్త్రీలకు బైబిలు శిక్షణనిచ్చిన బి.వి. సుబ్బమ్మ గారివంటివారి ఏళ్ల తరబడి ప్రయాస ఉంది. 2013 సెప్టెంబరు 30న నంద్యాలలో ఇ. పుష్పలలిత గారు బిషప్పుగా అభిషేకం పొందారు. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్పయిన మొదటి స్త్రీ మన తెలుగు బిడ్డ. దేవునికి స్తోత్రం!

అయినా పల్లెల్లో సంగతి వేరు. పై స్థాయిలో తీర్మానాలు ఉంటాయి. కింద మందిరంలో కమిటీ కూర్చున్నప్పుడు ఆడవాళ్లు టీ పెడుతుంటారు. మన ఊళ్లలో పంచాయతీలో సగం స్థానాలు స్త్రీలవి. పొదుపు సంఘాల్లో లక్షల రూపాయల లెక్క మన సోదరీమణులు పైసా పొల్లు పోకుండా రాస్తున్నారు. అదే సోదరి మందిరంలో కానుకల లెక్క రాస్తానంటే కొన్నిచోట్ల ముఖాలు మారతాయి. లోకాన్ని చూసి సంఘం నడవాలని నేను చెప్పడం లేదు. లోకం కంటే వెనుక నిలబడి, అదే వాక్యానుసారమని చెప్పుకోవద్దని మాత్రం చెబుతున్నాను.

మన దగ్గర పాస్టరు గారి భార్యను అమ్మగారు అంటాం. అయ్యగారు ఊళ్లో లేకపోతే ప్రార్థనకు పిలిచేది అమ్మగారినే. ఆమె చేయి తల మీద పెడితే పసిపిల్ల జ్వరం తగ్గుతుందని నమ్ముతాం. అంటే ఆత్మీయ నాయకత్వం స్త్రీలో ఉంటుందని మన మనస్సుకు ఎప్పుడో తెలుసు. ఒప్పుకోవడమే మిగిలింది.

చివరిగా, మనం ఏమి చేయాలి?

ఫీబే విషయంలో పౌలు రోమా సంఘాన్ని రెండు సంగతులు కోరాడు. ఆమెను పరిశుద్ధులకు తగినట్టు చేర్చుకోండి. ఆమెకు ఏది అవసరమో దానిలో సహాయం చేయండి. చేర్చుకోవడం, సహాయం చేయడం. ఈ రెండే ఈరోజు మన సంఘాలకు కూడా.

సంఘ పెద్దలారా, వచ్చే కమిటీలో స్త్రీలకు ఎన్ని చోట్లు ఉన్నాయో చూడండి. పేరుకు ఒకరిని పెట్టి సంతకం చేయించుకోవడం చేర్చుకోవడం కాదు. ఆమె మాట విని, లెక్కలోకి తీసుకోండి. వాక్యపఠనం, ప్రార్థన, సాక్ష్యం ఆమెకు అప్పగించి చూడండి. బోధించే వరం ఉన్న స్త్రీ కనబడితే బైబిలు శిక్షణకు పంపించండి. ఖర్చు సంఘం పెట్టుకోండి. సహాయం అంటే అదే.

భర్తలారా, మీ భార్య శుక్రవారం ప్రార్థన నడిపించడానికి వెళ్లే రోజు పొయ్యి దగ్గర మీరు నిలబడండి. అకుల భార్య వెనుక పేరుగా ఉండడానికి చిన్నబుచ్చుకోలేదు. ఇద్దరి పేర్లూ ఈనాటికీ బైబిలులో కలిసే ఉన్నాయి.

సోదరీమణులారా, నాయకత్వం అంటే కుర్చీ కాదు, పరిచర్య అని ప్రభువు తువాలు కట్టుకుని చూపించాడు. అది మగవాళ్లకు చెప్పిన మాట, మీకూ చెప్పిన మాట. బిడియంతో మీ వరాన్ని దాచుకోకండి. ఇంటికి దీపం ఇల్లాలు అని మనవాళ్లు అంటారు. దీపం వెలిగించి ఎవరూ కుంచం కింద పెట్టరని మన ప్రభువు అన్నాడు. ఇంటికి దీపమైనది దేవుని ఇంటికి దీపం కాకుండా ఎట్లా పోతుంది?

ప్రార్థన చేసుకుందాం.

పరలోకపు తండ్రీ, నీ ఆత్మను కుమారుల మీదా కుమార్తెల మీదా కుమ్మరించిన దేవా, నీకు స్తోత్రాలు. నీవు తెరిచిన తలుపును మేము మూసిన ప్రతి చోటా మమ్మల్ని క్షమించు. మా పల్లెల్లో పేరు లేకుండా నీ పని చేస్తున్న సోదరీమణులను బలపరచు. మా సంఘ పెద్దలకు నీ వాక్యం వినే చెవినివ్వు. అభిప్రాయాలు వేరైనా ప్రేమ వేరు కాకుండా మమ్మల్ని కాపాడు. ఫీబేను చేర్చుకున్న సంఘంగా మమ్మల్ని మార్చు. యేసుక్రీస్తు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.